నర్ది చెక్క గడియారం

మా దులాభాయ్ అబ్దుల్ రజాక్‌ను ఉదయగిరి అంతా పిచ్చోడంది. నేనూ అన్నాను. నేనైతే మొహం మీదే అన్నాను. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సు నడిపేవాడికి మాట కడుపులో దాచుకునే ఓపిక ఎక్కడుంటుంది? గొర్రెలమంద అడ్డమొస్తే గొర్రెల్ని తిడతాను, కాపరినీ తిడతాను. మా అక్క కాపురం కూలిపోతుంటే ఊరుకుంటానా?

మా అక్క రసూల్‌బీని నేను ఆపా అంటాను. ఆమె మొగుడు కాబట్టి ఆయన దులాభాయ్. ఆయన ఇల్లు ఉదయగిరిలో, గరిటెలు చెక్కేవాళ్ళ వీధిలో. ఆ వీధిలో ఏ గుమ్మంలోకి తొంగిచూసినా ఒక మనిషి కాలి బొటనవేలితో చెక్కముక్కను నొక్కిపట్టి ఉలితో చెక్కుతూ ఉంటాడు. కొండ మీంచి ఆడవాళ్ళు నర్ది కట్టె మోపులు తెస్తారు. దాన్ని పచ్చిగా ఉండగానే కోసి, తడి గోనెపట్టా కప్పి, ఆరకముందే గరిటెలూ చెంచాలూ చేసేస్తారు. నర్ది పచ్చిగా ఉన్నంతసేపు చెప్పిన మాట వింటుంది. ఎండితే ఉలి మొన విరగ్గొడుతుంది. అందుకని ఆ వీధిలో ఎండిన ముక్క కనబడితే పొయ్యిలోకే పోతుంది. తాతల నాటి నుంచీ అంతే.

వాళ్ళకు ఒక్కతే కూతురు, జరీనా. తండ్రి పనికి కూర్చుంటే అదీ పక్కన కూర్చునేది. పగుళ్ళొచ్చి పక్కన పారేసిన గరిటెలు రెండు చేతులకూ తీసుకుని ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేది. టక్, టక్, టక్. పొద్దస్తమానం అదే పని. నేను బస్సు ఆపి అన్నానికి పోతే చెవులు గింగురుమనేవి.

"ఆపవే తల్లీ! బస్సు ఇంజను నయం" అనేవాణ్ణి.

అది పళ్ళు బయటపెట్టి ఇంకా గట్టిగా కొట్టేది. దులాభాయ్ తలెత్తకుండానే నవ్వేవాడు. "కొట్టుకోనీరా జానీ. అది కొడతా ఉంటే నాకు పని సాగతాది" అనేవాడు.

డెబ్భై ఎనిమిదిలో, వానలకు ముందు, ఆ పిల్లకు కామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోయించారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని నా బస్సులోనే ఎక్కించాం. నేను స్టీరింగ్ మీద ఉన్నాను. ఆత్మకూరు ఇంకా రాలేదు, వెనక నుంచి మా ఆపా కేక వినబడింది. బస్సు పక్కకు తీసి ఆపాను. దాని గురించి ఇంతకన్నా చెప్పడం నా చేతగాదు. ఆరేళ్ళ పిల్ల.

దులాభాయ్ ఏడవలేదు. బిడ్డను చేతుల మీద మోసుకుపోయి మట్టిచేశాడు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. నాలుగోనాడు గోనెపట్టా తీసి పనికి కూర్చున్నాడు. మా అమ్మ జైతూన్‌బీ అది చూసి ముక్కున వేలేసుకుంది.

"గుండె కాదురా అది, బండ. కన్న తండ్రి ఒక్క చుక్క రాల్చలేదే!" అంది నాతో.

నాకూ ఒళ్ళు మండింది. మా ఆపా పక్కగదిలో తల గోడకేసి కొట్టుకుంటుంటే ఈయన ఉలి నూరుకుంటున్నాడు.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించాక ఆపాను నాలుగు రోజులు ఉండి పోతుందని ఆత్మకూరులో మా ఇంటికి తీసుకొచ్చాం. ఆమె తిరిగి పోనంది. అమ్మ బతిమాలింది, నేను కసిరాను. ఒకటే మాట.

"ఆ ఇంట్లో చప్పుడు లేదమ్మా. గుమ్మం దాటి లోపలికి పోతే నా ఊపిరి నాకే వినబడతాది. నేను ఉండలేను."

దులాభాయ్ ప్రతి శుక్రవారం నమాజయ్యాక నా బస్సెక్కి వచ్చేవాడు. గడప దగ్గర కూర్చునేవాడు. అమ్మ ఇచ్చిన టీ తాగేవాడు. "పోదామా రసూలూ?" అని అడిగేవాడు. ఆపా గోడవైపు తిరిగి, "ఆ ఇంట్లో చప్పుడు లేదు" అనేది. గ్లాసు కింద పెట్టి మళ్ళీ నా బస్సుకే వెళ్ళిపోయేవాడు.

ఇట్లా ఎన్నాళ్ళు? ఆయన అన్న ఊరుకోలేదు. పెళ్ళాం రాకపోతే ఇంకో పిల్లను చేసుకోమన్నాడు. మర్రిపాడులో సంబంధం కూడా చూసిపెట్టాడు. ఆ సంగతి తెలిసి అమ్మ అన్నం మానేసింది. ఆపాకు చెప్తే, "చేసుకోనీ, పాపం ఆయన మాత్రం ఎంతకాలం వండుకుంటాడు" అంది. ఆ మాటకు నాకు ఏం చేయాలో దిక్కు తోచలేదు. ఇద్దరూ మంచోళ్ళే. పిల్ల పోయిందని కాపురం కూడా పోతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

ఒక శుక్రవారం ఆయన బస్సు దగ్గరికి రాలేదు. హారన్ కొట్టాను, కేకలేశాను. ప్యాసింజర్లు గొణుగుతున్నారు. చివరికి దిగి బజారంతా వెతికితే, జనార్దనయ్య వాచీల కొట్లో నిలబడి ఉన్నాడు. జనార్దనయ్య ఎవరిదో గోడ గడియారం విప్పి బల్ల మీద పరిచి ఉన్నాడు. ఈయన దాని మీదకు వంగి, కన్నార్పకుండా చూస్తున్నాడు.

"జానీ, ఈ పళ్ళ చక్రాలు చెక్కతో చేస్తే చప్పుడెట్లా వస్తాది?" అన్నాడు నన్ను చూసి.

జనార్దనయ్య పకపకా నవ్వాడు. "చెక్కతో ఎవురన్నా చేస్తారా స్వామీ! ఇత్తడియ్యే అరిగి చస్తా ఉండాయి."

"పాత కాలంలో చేసినారా, లేదా?"

"తెల్లోళ్ళ సీమల్లో చేసినారంట. నేను చూడలా."

నాకు ఆలస్యమవుతోంది. "గడియారం కావాలంటే నేనే కొనిస్తా, రా దులాభాయ్, జనం నన్ను తిడతా ఉండారు" అని చెయ్యి పట్టి లాగాను.

ఆయన కదల్లేదు. "ఇనప చప్పుడు కాదు జానీ. చెక్క మీద చెక్క తగలాల. పిల్ల కొట్టింది చెక్కనే కదా" అన్నాడు.

నేను చెయ్యి వదిలేశాను. ఆ రోజు బస్సు ఎంత ఆలస్యంగా తీశానో, ఎవరు ఏం తిట్టారో నాకు గుర్తులేదు.

ఆ తర్వాత మొదలైంది ఆయన పిచ్చి. జనార్దనయ్య మంచివాడు, నవ్వినా నేర్పాడు. అట్టముక్కల మీద కంపాసుతో చక్రాలు గీసిచ్చాడు. పెద్ద చక్రం, దాని పన్ను పట్టుకుని తిరిగే చిన్న చక్రం, అన్నిటికన్నా పైన ఊగే కొక్కెం. అడుగున తాడుకు కట్టిన రాయి కిందికి లాగుతుంటుంది. పైన కొక్కెం పెండులంతోపాటు అటూ ఇటూ ఊగుతూ ఒక్కో పన్నునూ ఆపి వదులుతుంటుంది. అట్లా ఆపిన ప్రతిసారీ టక్కుమంటుంది. గడియారం అంటే అంతేనట.

చెప్పడానికి అంతే. చేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి చక్రానికి పళ్ళు కోసుకుంటూ పోతే చివర్లో సగం పన్ను మిగిలింది. అది పారేశాడు. రెండోదానికి పళ్ళ మధ్య సందులు సమంగా రాలేదు, ఒకచోట పరుగు, ఒకచోట మొరాయింపు. అదీ పారేశాడు. పగలు గరిటెలు చేసేవాడు, పొద్దువాలాక ఈ చక్రాలు. ఒక్కో పన్నును ఆకురాయితో రాసి, వేలితో తడిమి, మళ్ళీ రాసేవాడు. గరిటెలు చెక్కే వేళ్ళకు వంపు తెలుసు గానీ సమానం తెలియదు. అది నేర్చుకోవడానికి ఆయనకు మరుసటి ఏడు ఎండాకాలమంతా చాల్లేదు.

వీధిలో నవ్వుకున్నారు. మర్రిపాడు సంబంధం వాళ్ళు కబురు పెడితే, "పనిలో ఉండా" అని చెప్పి పంపాడట. దులాభాయ్ అన్న వచ్చి చక్రాలు వీధిలోకి విసిరేశాడు. ఈయన వెళ్ళి ఏరి తెచ్చుకున్నాడు.

"ఆపా రానంటే నువ్వు బొమ్మలు చేసుకుంటా కూర్చుంటావా? నీకు పిచ్చి పట్టింది" అని నేనూ అరిచాను.

"పట్టనీలే" అన్నాడు.

కార్తీక మాసం ముసురులో ఒక శుక్రవారం తడిసి ముద్దయి వచ్చాడు. గడప దగ్గర కూర్చోలేదు, టీ తాగలేదు. ఆపా ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్కసారి వచ్చి విను. నచ్చకపోతే జానీ బస్సులోనే వెనక్కు రా. నేను ఇంక అడగను" అన్నాడు.

ఆపా నా మొహం చూసింది. నేను తలూపాను. ఏం చూసి ధైర్యం చేశానో నాకే తెలియదు.

ఉదయగిరిలో బస్సు ఆపి నేనూ వెంట పోయాను. ఆపా ఇంటి ముందుకు రాగానే ఆగిపోయింది. అప్పుడు లోపలి నుంచి వినబడింది. టక్, టక్, టక్. మెత్తగా, తొందర లేకుండా. అచ్చం ఆ పిల్ల కొట్టినట్టే. మా ఆపా చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తింది. గోడకు చేరబడి, గడియారం వేలాడే చెక్కకు చెంప ఆనించి, "వచ్చినాను, వచ్చినాను" అంటూ బావురుమంది. నేను బయటికొచ్చేశాను. పెద్ద మగాణ్ణి, డ్రైవర్ని, వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. దులాభాయ్ మాత్రం గుమ్మం పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు.

ఆపా ఉండిపోయింది. అమ్మ దర్గాలో చక్కెర పంచింది. ఆ గడియారం సరిగ్గా టైం చూపించేది కాదు, గంటకు పది నిమిషాలు అటో ఇటో. ఎవరిక్కావాలి టైం? ఆపా రొట్టెలు చేసేటప్పుడూ, నీళ్ళు తోడేటప్పుడూ దాంతో మాట్లాడేది. మళ్ళీ జడ వేసుకుంది. నేను పోతే కూర ఇంకొంచెం వడ్డించేది. ఇంక గండం గట్టెక్కిందనుకున్నాను.

శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలయ్యాయి. ఉదయగిరి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు. గడియారం చప్పుడు మారింది. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఎడంగా. తర్వాత రోజులో ఒకసారి ఆగడం. దులాభాయ్ దించి, బిగుసుకున్న పళ్ళను ఆకురాయితో రాసి మళ్ళీ తగిలించేవాడు. రెండు రోజులు తిరిగేది. మళ్ళీ ఆగేది. రాసిన కొద్దీ పళ్ళు సన్నబడ్డాయి. ఒకచోట బిగుసుకుంటే ఇంకోచోట పన్ను పన్నుకు అందక జారేది.

ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి ఇంట్లో చప్పుడు లేదు. ఆపా పీట మీద నిలబడి పెండులాన్ని చేత్తో ఊపుతోంది. అది నాలుగు ఊపులు ఊగి ఆగింది. ఆమె మళ్ళీ ఊపింది.

"లే అమ్మా, లే. లేచి రెండు గుటకలు తాగు" అంటోంది గడియారంతో.

కామెర్ల అప్పుడు పిల్లతో అన్న మాటలవి. ఆమెను పట్టి కిందికి దించి, దులాభాయ్ మీదకు లేచాను.

"చూసినావా నువ్వు చేసిన పని? పోయిన దాన్ని తెచ్చి మళ్ళీ చంపినావు కదయ్యా!"

ఆయన పెద్ద చక్రాన్ని ఊడదీసి, జనార్దనయ్య గీసిచ్చిన అట్ట మీద పెట్టాడు. ఒక వైపు అట్టకు సరిపోయింది. ఇంకో వైపు గీతకు లోపలికి పోయి ఉంది. గుండ్రంగా కోసిన చక్రం కోడిగుడ్డులా అయిపోయింది.

"పచ్చి చెక్క జానీ. ఎండేటప్పుడు అడ్డంగా ముడుచుకుంటాది. గరిటె రవ్వంత వంకరపోతే ఎవురడుగుతారు? కూర కలబెడతాది, అంతే. చక్రానికి అట్లా కుదరదని నా బుర్రకు తట్టలా. పుట్టినప్పటి నుంచీ పచ్చి చెక్కే కదా పట్టింది నేను."

ఆ సాయంత్రమే ఆపా నా బస్సెక్కింది. ఎవరూ ఆపలేదు.

ఈసారి ఆయనన్న తెగేసి చెప్పాడు, తలాక్ ఇచ్చేయమని. దులాభాయ్, "ఇయ్యను" అన్నాడు. అంతే, అన్నదమ్ములకు మాటల్లేకుండా పోయాయి. దులాభాయ్ కట్టెలు తెచ్చే మాలకొండమ్మ చేత లావాటి నర్ది దుంగలు తెప్పించి, పలకలు కోయించి, మధ్యలో గాలి ఆడేట్టు పుల్లలు పెట్టి అటక మీద పేర్చాడు. ఇంక వాటిని ముట్టుకోలేదు.

"ఏందబ్బయా, కట్టెలు దాచిపెట్టుకుంటా ఉండావు, నిధి మాదిరి?" అని మాలకొండమ్మ వేళాకోళం చేసింది.

"ఎండాల" అన్నాడు.

ఒక ఎండాకాలం పోయింది. చాలదా అన్నాను. చాలదన్నాడు. రెండోది పోయింది. ఇంకా కాదన్నాడు. ఒకసారి దెబ్బతిన్న మనిషి, నా మాట వింటాడా? శుక్రవారాలు మాత్రం మానలేదు. వచ్చేవాడు, గడప దగ్గర కూర్చునేవాడు, టీ తాగేవాడు. "పోదామా" అని అడగడం మానేశాడు. ఆపా కూడా గోడవైపు తిరగడం మానేసి, ఆయన చొక్కాకు గుండీ ఊడితే కుట్టి ఇచ్చేది. మాటలు మాత్రం లేవు. వాళ్ళను చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

ఎనభై రెండులో పలకలు దించాడు. ఎండిన నర్ది ఆయన చేతుల్ని చీల్చింది. ఉలి ఎన్నిసార్లు నూరాడో, ఎన్ని ఆకురాళ్ళు అరగదీశాడో. ఆ ఏడు వానలు వచ్చి పోయాయి, మరుసటి ఏడు ఎండలూ వచ్చి పోయాయి. గడియారం ఆ రెండింటికీ తట్టుకుని ఆగకుండా తిరిగాకే ఇంట్లోంచి బయటికి తీశాడు. దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, నా వెనక సీట్లో కూర్చున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ బస్సు నెమ్మది చేశాను. నా జన్మలో అంత నెమ్మదిగా బస్సు తోలలేదు.

మా ఇంట్లో గోడకు మేకు కొట్టి తగిలించాడు. రాయి కట్టి, పెండులం వదిలాడు. ఠక్, ఠక్, ఠక్. ఎండిన చెక్క కదా, ఖంగుమంటోంది. తప్పు లేదు, తొట్రుపాటు లేదు. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఆపా మొహం చూస్తున్నాను, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు మూట సర్దుకుంటుంది అని.

ఆపా చాలాసేపు విన్నది.

"ఆపెయ్" అంది.

ఆయనకు అర్థం కాలేదు. "ఇది ఆగదు రసూలూ. ఎన్ని ఎండలు కాసినా ఆగదు. నేను చూసినా."

"అందుకే ఆపెయ్ అంటా ఉండా. పిల్ల బతికుంటే దానికి ఈపాటికి పదకొండేళ్ళు. ఓణీ వేసుకునే వయసొస్తా ఉండేది. గరిటెలు పట్టుకుని టకటకా కొడతా కూర్చుంటాదా? నాకు ఇప్పుడు దాని మాట వినాలనుండాది, నడక వినాలనుండాది. ఈ చప్పుడు వద్దు. దాన్ని ఆరేళ్ళకాడనే కట్టేసినావు నువ్వు."

అని లేచి పెండులం మీద చెయ్యి పెట్టబోయింది. దులాభాయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఆమె మీద చెయ్యి వేయడం, అదీ అడ్డుకోవడం, నేను ఎన్నడూ చూడలేదు.

"ఆపొద్దు" అన్నాడు. "ఆపొద్దు రసూలూ. నీకు చేస్తా ఉండానని అనుకున్నా. అందరికీ అదే చెప్పినా. నాకే. నాకు కావాల. అది పక్కన కొడతా ఉంటే చెక్కినోణ్ణి నేను. అది పోయినాక ఉలి పట్టుకుంటే పక్కకు చూస్తా, ఎవురూ లేరు. నీకు ఏడుపు వచ్చింది. నాకు అదీ రాలా. నాకు ఏం మిగిలిందో చెప్పు?"

అంటూ గోడ వారగా జారి కూలబడిపోయాడు. ఐదేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది ఆ మనిషికి. బండ అన్న మా అమ్మే పరుగెత్తి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. చంటిబిడ్డ ఏడ్చినట్టు ఏడ్చాడు. పైన గడియారం తన మానాన కొట్టుకుంటూనే ఉంది.

ఆపా నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోయి బట్టలు మూట కట్టుకుని వచ్చింది. గడియారాన్ని తనే దించి దుప్పట్లో చుట్టింది.

"లే. జానీ బస్సుకు టైమయింది" అంది మొగుడితో.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఇప్పటికీ ఉదయగిరిలో బస్సు ఆపితే నా అన్నం వాళ్ళింట్లోనే. దులాభాయ్ ముందు గదిలో గడియారం కింద కూర్చుని గరిటెలు చెక్కుతుంటాడు. జుట్టు నెరిసింది గానీ మనిషి తేటగా ఉన్నాడు. ఆపా ఎప్పుడూ ముందు గదిలో కనబడదు. వంటా, బియ్యం ఏరడమూ, కూర్చోవడమూ అంతా పెరట్లోనే. ఎండైనా అక్కడే, చలైనా అక్కడే.

"ఎట్లా వింటావు ఆపా రోజంతా?" అని ఒకసారి అడిగాను.

"వినలేకనే కదరా ఈడ కూర్చునేది" అంది.

మొన్న శుక్రవారం నేను పోయేసరికి దులాభాయ్ నమాజుకు పోయి ఉన్నాడు. నేను చెయ్యి కడుక్కుంటుంటే ఇంట్లో చప్పుడు ఆగింది. రాయి నేలకు తగిలినట్టుంది. ఆహా, ఇప్పుడన్నా కాసేపు ప్రశాంతంగా ఉంటుంది మా ఆపాకు అనుకున్నాను. ఆమె చేతిలో చేట కింద పడేసి, గబగబా లోపలికి పోయింది. పీట ఎక్కి, తాడు లాగి రాయి పైకెత్తి, పెండులాన్ని ఊపింది. కొంగు చెవులకు అడ్డం పెట్టుకుని వీధిలోకి తొంగి చూసింది.

"ఇంతలోకే ఎందుకాపా, ఆయన వచ్చి రాయి ఎత్తుకుంటాడుగా" అన్నాను.

"ఆయన వీధి మలుపులో నుంచే వింటా వస్తాడురా" అంది, పెరట్లోకి పోతూ.